‘అమ్మా, నా చేతులు కట్టేయి’ అంటోంది పాప

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె గోడు క్లుప్తంగా ఇదీ.

పాపకు ఐదేళ్లు. ఎనిమిదో నెలలో బుగ్గల మీద పేలినట్టు మొదలైంది. రసి కారేది, పక్కు కట్టేది. రెండేళ్లు నిండేసరికి బుగ్గలు తేటపడ్డాయి కానీ, దురద మోచేతుల లోపలి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి చేరింది. ఇప్పుడు ఆ చోట్ల చర్మం నల్లబడి, మందంగా, గీతలు గీతలుగా తయారైంది. అత్తగారు దీన్ని గజ్జి అంటారు. వేపాకు కాచిన నీళ్లతో స్నానం, ఒంటికి పసుపు, సున్నిపిండితో నలుగు. కోడిగుడ్డు, చేప, వంకాయ, గోంగూర మాన్పించారు. భర్త తామర అంటారు. మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. రాసిన నాలుగు రోజులకు చేత్తో తీసేసినట్టు పోయేది, ఆపిన వారానికి తిరిగొచ్చేది. అలా ఐదు నెలలు రాశాక మోచేతి మడతలో చర్మం పలచబడి నరాలు కనిపించసాగాయి. ఈమె మాత్రం ఎలర్జీ అనుకుంటున్నారు. స్టెరాయిడ్ల (వాపునూ దురదనూ అణిచే మందుల) గురించి ఫోనులో చదివి, భయపడి, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ పారేశారు. పది రోజుల్లో దురద రెట్టింపైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వేసిన ఇంజెక్షనుతో రెండు వారాలు ఒళ్లు నున్నగా మారింది, ఆ తర్వాత మెడకూ పొట్టకూ పాకింది. తగ్గేదాకా బడికి పంపవద్దని టీచరు కబురు పెట్టారు. పైపూత రాస్తే రోగం లోపలికి పోయి ఉబ్బసం పడుతుందని పక్కింటివారు హెచ్చరించారు.

‘రాత్రి పన్నెండు దాటాక పాప గోక్కునే చప్పుడు మొదలవుతుంది. గరుకు గోడను గోటితో గీసినట్టు ఉంటుంది. పొద్దున దుప్పటి మీద నెత్తుటి చుక్కలు. మొన్న తనే రెండు చేతులూ చాపి, అమ్మా, నా చేతులు కట్టేయి, గోక్కోను అంది. అప్పటి నుంచి పాత చీర గుడ్డతో కట్టి పడుకోబెడుతున్నాను. ఎవరి మాట వినాలి? ఇది ఎప్పటికీ పోదా?’ అని అడిగారు.

అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ ఆ పాప కోసమే తపిస్తున్నారు. ఒక్క జబ్బుకు మూడు పేర్లు పెట్టుకుని, పేరుకొక వైద్యం చేస్తున్నారు. అందుకే ముందు పేరు తేల్చుకుందాం. ఉత్తరం చదివి రోగం ఇదేనని ముద్ర వేయలేను, అది పాపను కళ్లారా చూసిన చర్మవ్యాధి నిపుణులు చెప్పాల్సిన మాట. అయినా మీరు రాసిన వివరాలన్నీ ఎగ్జిమా వైపే చూపిస్తున్నాయి. అందులోనూ చిన్ననాడే మొదలయ్యే రకం, డాక్టర్లు ఎటోపిక్ డెర్మటైటిస్ అనేది. పసితనంలో బుగ్గల మీద పుట్టడం, నడక వచ్చాక మడతల్లోకి మారడం, తగ్గుతూ పెరుగుతూ ఏళ్ల తరబడి ఉండటం, అన్నిటికన్నా ముఖ్యంగా నిద్ర పట్టనివ్వనంత దురద దీని గుర్తులు. మూడో పేజీలో మరేదో చెబుతూ మధ్యలో ఒక మాట అన్నారు. మీ వారికి పొద్దున లేవగానే వరసగా తుమ్ములని, మీ అమ్మగారికి ఉబ్బసమని. నాకు ఆ ఒక్క వాక్యం మిగతా ఉత్తరమంత విలువైనది. ఎగ్జిమా, తుమ్ముల జబ్బు, ఉబ్బసం ఒకే వంశంలో చేతులు మారుతూ ఉంటాయి.

గజ్జి ఎందుకు కాదనుకుంటున్నానో చెబుతాను. గజ్జిని కలిగించేది కంటికి ఆనని ఒక పురుగు. అది వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ చేరుతుంది, ఇంట్లో ఒకరికి వస్తే ఒకే పక్క మీద పడుకునే అందరినీ పట్టుకుంటుంది. నాలుగేళ్లకు పైగా పాపను పక్కలో వేసుకుని పడుకుంటున్న మీకు ఒంటి మీద చిన్న గీర కూడా లేదని రాశారు. అయితే ఈ మధ్య ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద మొదలై ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎగ్జిమా ఉన్న పిల్లలకు గజ్జి కూడా సోకవచ్చు.

తామర మాటకొస్తే, తప్పు మీ వారిది కాదు, ఆ పదానిదే. మన వాడుకలో ఎగ్జిమానూ తామర అంటారు, శిలీంద్రం (ఫంగస్) వల్ల వచ్చే గుండ్రటి మచ్చలనూ తామర అంటారు. రెండూ దురదే, రెండింటికీ పొలుసే, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. శిలీంద్రం వల్ల వచ్చే తామర బిళ్లలా మొదలై, అంచు ఉబ్బి, మధ్యలో తేటపడుతూ బయటికి పాకుతుంది. పాపకు అలా లేదు. కానీ ఐదు నెలలు స్టెరాయిడ్ కలిసిన మందు రాసిన చర్మం మీద అసలైన తామర చేరి రూపం మార్చుకుని దాక్కునే వీలుంది. మెడ మీదా పొట్ట మీదా కొత్తగా వచ్చిన మచ్చల నుంచి కాస్త పొలుసు గీకి సూక్ష్మదర్శిని కింద చూడమని డాక్టరును అడగండి. అది నొప్పి లేని, నిమిషాల్లో అయ్యే పరీక్ష.

ఇక మీరన్న ఎలర్జీ. అందులో కొంత నిజముంది, కానీ అది కథకు మొదలు కాదు. మొదలు చర్మంలోనే ఉంది. పెంకుటింటి కప్పు తలుచుకోండి. నాలుగు పెంకులు జరిగితే లోపలి చల్లదనం పోతుంది, బయటి వానా దుమ్మూ లోపలికి దిగుతాయి. మన చర్మం పైపొరను బిగువుగా పట్టి ఉంచే పదార్థాల్లో ఫిలాగ్రిన్ అనే ప్రోటీను ఒకటి. దాని జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2006లో చూపించింది. అలాంటి చర్మంలో తేమ నిలవదు. చెమట, సబ్బు, ఉన్ని, దుమ్ము, మామూలు పిల్లలను ఏమీ చేయనివన్నీ ఈ చర్మాన్ని రేపుతాయి. రేగితే దురద, గోకితే మరికొన్ని పెంకులు జరుగుతాయి. అంటే మీ పాప రక్తం చెడిపోలేదు, మీరు గర్భంతో ఉన్నప్పుడు తిన్నదేదో ఇప్పుడు బయటపడటమూ కాదు. ఆ మాట మీ చెవిన వేసినవారుంటే దాన్ని ఈరోజే వదిలేయండి.

మరొకటి. ఎగ్జిమా అంటే ఎర్రటి మచ్చలని చాలాచోట్ల రాస్తారు, బొమ్మలు కూడా తెల్లచర్మం వారివే ఉంటాయి. మన చామనఛాయలో ఎరుపు అంతగా కనపడదు. ముదురు గోధుమ రంగో, బూడిద కలిసిన ఊదా రంగో కనిపిస్తుంది. కొన్నిసార్లు రంగు మారకుండా సన్నటి గరుకు పొక్కులే తేలుతాయి. అందుకే ఎంత రేగిందో కంటితో కాక వేలితో చూడండి. గరుకుగా, వెచ్చగా, ఉబ్బుగా తగిలితే రేగినట్టు. నున్నగా ఉండి రంగు మాత్రమే నల్లగా మిగిలితే అది మానిన మచ్చ, దానికి మందు రాయనక్కర్లేదు, నెలల మీద అదే తగ్గుతుంది. బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు వస్తే బొల్లి అనో నులిపురుగులనో కంగారు పడతారు. ఈ పిల్లల్లో అవి ఎగ్జిమా వదిలివెళ్లిన జాడలే ఎక్కువసార్లు.

ఇప్పుడు ఆ ట్యూబు సంగతి. పెట్టె మీద మూడు మందుల పేర్లున్నాయని, మొదటిది క్లోబెటసాల్ అని రాశారు. అది స్టెరాయిడ్ పూతలన్నిటిలో అత్యంత బలమైన తరగతికి చెందినది. దానికి శిలీంద్రాల మందు, యాంటీబయాటిక్ కలిపి అమ్ముతారు. ఏ జబ్బో తెలియకపోయినా దేనికో ఒకదానికి తగులుతుందన్న లెక్క అది. పిల్లల మోచేతి మడతలో నెలల తరబడి రాయాల్సిన మందు కాదు. ఇలాంటి నష్టాలు చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. అయినా అడగగానే చేతిలో పెట్టే షాపులున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఈ అమ్మకం వల్ల జరిగే చెడు ఒక్కటి కాదు, రెండు. చర్మం పలచబడటం మొదటిది. సరైన స్టెరాయిడ్ అన్నా కూడా తల్లులు వణికిపోవడం రెండోది. మీ ఇంట్లో రెండూ జరిగాయి.

మీ ముందు ఇప్పుడు మూడు నాలుగు దారులున్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడికి తీసుకెళుతుందో చెబుతాను, ఎంచుకోవడం మీ దంపతుల చేతుల్లో ఉంది.

స్టెరాయిడ్ అసలే వద్దు, మాయిశ్చరైజర్‌తోనే నెట్టుకొస్తామనవచ్చు. చర్మం పొడిగా మాత్రమే ఉన్న రోజుల్లో అది చక్కటి నిర్ణయం. కానీ పాప చర్మం ఇప్పుడు రేగి, నెత్తురు కారుతోంది. ఆ మంటను మాయిశ్చరైజర్ ఒక్కటే ఆర్పలేదు. వారాలు గడిచేకొద్దీ గోకుడు పెరుగుతుంది, చర్మం ఇంకా మందమవుతుంది, పుండ్లలో చీము పట్టే ప్రమాదముంది. పైగా నిద్ర లేని పిల్ల తిండి, చదువు, చిరాకు అన్నీ దానితోనే ముడిపడతాయి. స్టెరాయిడ్ భయంతో ఈ దారి పట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి, ఎక్కువ బాధ పడేది పిల్లలే.

నేను మొగ్గు చూపేది రెండో దారికి. పిల్లలకు తగిన తక్కువ లేదా మధ్యరకం బలమున్న స్టెరాయిడ్‌ను డాక్టరు రాసిస్తే, రేగిన చోట మాత్రమే, చెప్పిన రోజులు మాత్రమే రాయడం. హైడ్రోకార్టిసోన్ లాంటివి తక్కువ బలం గలవి. ఎంత రాయాలో దానికీ ఒక కొలత ఉంది. మీ చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి గీతలా పిండితే అది సుమారు అర గ్రాము. మీ రెండు అరచేతులు, వేళ్లతో సహా పరిస్తే ఎంత చోటో అంత చోటుకు అది చాలు. ఇంతకన్నా ఎక్కువ రాయడం ఎంత తప్పో, భయపడి చుక్కతో సరిపెట్టడమూ అంతే తప్పు. సరిపడా రాస్తే కొద్ది రోజుల్లో ఆగే మంట, చాలీచాలకుండా రాస్తే నెలలు సాగుతుంది, చివరికి ఒంట్లోకి పోయే మందూ ఎక్కువే అవుతుంది.

పలచబడిన మోచేతి మడతల గురించి మీరు పడుతున్న దిగులు సహజం. తొలి దశలో పలచబడిన చర్మం, బలమైన మందు ఆపాక చాలావరకు కోలుకుంటుంది. చారలు పడితే మాత్రం పూర్తిగా పోవు. ఆ చోటికి స్టెరాయిడ్ వద్దనుకుంటే టాక్రోలిమస్ అనే పూత ఉంది. రెండేళ్లు దాటిన పిల్లలకు 0.03 శాతం బలంతో ఇస్తారు. ఇది చర్మాన్ని పలచబరచదు, అందుకే ముఖానికీ మడతలకూ నప్పుతుంది. మొదటి కొన్ని రోజులు మంటగా ఉంటుంది, పాపకు ముందే చెప్పండి. ఖరీదు కూడా కాస్త ఎక్కువే. ఒకసారి అదుపులోకి వచ్చాక, ఎప్పుడూ రేగే చోట్లలోనే వారానికి రెండు రోజులు ఈ పూతను కొనసాగించే పద్ధతి ఒకటుంది. మళ్లీ మళ్లీ తిరగబెట్టే పిల్లలకు అది బాగా పనికొస్తుంది. మీ డాక్టరును దీని గురించి ప్రత్యేకంగా అడగండి.

ఇంజెక్షను దారిని మాత్రం వద్దనే అంటాను. మీరు రాసిన తీరును బట్టి అది స్టెరాయిడ్ ఇంజెక్షనే అయి ఉండాలి. రెండు వారాల సుఖం, ఆ తర్వాత మునుపటికన్నా పెద్ద దాడి, మీరు కళ్లారా చూశారు. పదే పదే వేయిస్తే పిల్లల ఎదుగుదల మీద, ఎముకల మీద ప్రభావం పడుతుంది. ఏం వేశారో చీటీ మీద రాయించుకుని చర్మం డాక్టరుకు చూపించండి. ఏ పూతకూ లొంగని తీవ్రమైన ఎగ్జిమాకు డూపిలుమాబ్ అనే వేరే రకం ఇంజెక్షను ఉంది. అమెరికాలో దానికి 2017లో ముందు పెద్దవారికి, ఆ తర్వాత పిల్లలకూ అనుమతి ఇచ్చారు. చాలా ఖరీదైనది. మీ పాపకు ఇంకా సరైన పూత వైద్యమే మొదలవలేదు, కాబట్టి దాని ఆలోచన ఇప్పుడే అక్కర్లేదు.

ఏ దారి ఎంచుకున్నా మాయిశ్చరైజర్ తప్పదు. ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లతో స్నానం. వేడినీళ్లు పోస్తే దురద క్షణం ఆగినట్టుంటుంది, గంటకు రెట్టింపవుతుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా తడితడిగా ఉండగానే ఒళ్లంతా రాయాలి. పొద్దునా రాత్రీ రాయాలి, పొడిగా తగిలితే మధ్యలో ఇంకోసారి రాయాలి. ఇంత పాపకు వారానికి 250 గ్రాముల దాకా పట్టవచ్చు. అంటే వేలితో తీసి అద్దడం కాదు, చేత్తో తీసి పూయడం. ఖరీదైనదే కొననవసరం లేదు. వాసన కలపని తెల్లటి పెట్రోలియం జెల్లీ చవకైనది, బాగా పనిచేస్తుంది, కాకపోతే మే నెల ఉక్కలో జిడ్డుగా చికాకు పెడుతుంది. అప్పుడు పలచటి క్రీము వాడి, చలికాలంలో జెల్లీకి మారండి. మందుకూ మాయిశ్చరైజర్‌కూ మధ్య కాసేపు ఆగండి.

మీ అత్తగారితో పోట్లాడే పని లేకుండా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆవిడ చేసేదంతా తప్పని కాదు. స్వచ్ఛమైన కొబ్బరినూనె పొడి చర్మానికి మంచిదే, పరిశోధనల్లోనూ మేలు కనిపించింది. ఆ పని ఆవిడకే అప్పజెప్పండి, మనవరాలికి రాత్రి నూనె రాసే చేయి నాయనమ్మదే కావాలి. సున్నిపిండి మాత్రం ఆపాలి. నలుగు పెడుతుంటే రాలేది మురికి కాదు, ఉన్న కాస్త పైపొర. పైగా పగిలిన చర్మం మీద పప్పుల పిండి రుద్దితే దానికే కొత్తగా ఎలర్జీ పుట్టే అవకాశముంది. వేపనీళ్లు, పసుపు పుండు మీద మంట పెడతాయి, చర్మాన్ని మరింత ఎండబెడతాయి.

తిండి విషయంలో కొంచెం జాగ్రత్తగా వినండి. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి నిజంగానే గుడ్డో పాలో పడవు, ముఖ్యంగా చిన్నతనంలో జబ్బు తీవ్రంగా ఉన్నవారికి. కానీ తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వచ్చిన గుర్తు ఏదైనా ఉందా? మీ ఉత్తరంలో అలాంటిది లేదు. ఏడాదిగా గుడ్డు, చేప మానేసినా దురద తగ్గలేదంటే వాటి తప్పు లేదనే కదా. అయితే ఏడాది మాన్పించిన గుడ్డును రేపే పెట్టేయకండి. ఎక్కువ కాలం దూరం ఉంచిన ఆహారానికి తిరిగి ఇచ్చినప్పుడు గట్టి ఎలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి, అందుకే గుడ్డు, చేప డాక్టరును అడిగి మొదలుపెట్టండి. వంకాయ, గోంగూర మాత్రం మెల్లగా కలిపి చూడండి. పథ్యం వల్ల పాప బరువు తగ్గి ఉంటే అదీ చూపించండి.

‘లోపలికి పోయి ఉబ్బసం’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి తర్వాత ఉబ్బసం నిజంగానే వస్తుంది. మందు రాసినా వస్తుంది, రాయకపోయినా వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే వేరు నుంచి పుడతాయి. పూత మందు రోగాన్ని ఎటూ తోయదు. పాపకు రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే చూపించుకోండి, అంతే.

టీచరు గారికి ఇది అంటువ్యాధి కాదని డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించి ఇవ్వండి. వీలైతే మీరే వెళ్లి, ఆమె ముందు పాప మోచేతిని చేత్తో నిమిరి చూపించండి. ఆటల తర్వాత చెమటను మంచినీళ్లతో కడుక్కోనివ్వమని, ఫ్యాను దగ్గర కూర్చోబెట్టమని అడగండి. ఎన్ని రోజులు బడి పోతే పాపకు అంత నష్టం.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆగవద్దు. తేనెరంగు పక్కులు, చీము, నొప్పి వస్తే ఒకటి రెండు రోజుల్లో డాక్టరును కలవండి. జ్వరంతో పాటు ఒకే సైజు చిన్న పొక్కులు గుంపుగా లేచి, గుంటలు పడినట్టు చితికితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అది హెర్పీస్ వైరస్ ఎగ్జిమా మీద పడటం కావచ్చు, ఆలస్యం పనికిరాదు. పెదవి మీద జ్వరపు పొక్కులూ ఆ వైరస్ వల్లే వస్తాయి, అందుకే అవి ఉన్న బంధువులెవరినీ పాపను ముద్దు పెట్టుకోనివ్వకండి.

ఎప్పటికీ పోదా అని అడిగారు. చాలామంది పిల్లలకు యుక్తవయసు వచ్చేసరికి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది. చర్మం పొడిబారే గుణం మాత్రం మిగిలిపోవచ్చు. ఫలానా నెలకు పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. ఎప్పుడు పోతుందన్న లెక్క పక్కనపెట్టి, వారంలో పాప ఎన్ని రాత్రులు నిద్రపోయిందో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు మీకన్నా బాగా ఆ గుర్తులే చెబుతాయి.

ఆ చీర గుడ్డ విప్పేయండమ్మా. చేతులు కట్టినా దురద ఆగదు, పాప దుప్పటికి రుద్దుకుంటుంది. పైగా ఇది తన తప్పే అనుకుంటుంది. ఇప్పటికే అలా అనుకుంటోంది కనుకనే చేతులు చాపింది. గోళ్లు పొట్టిగా కత్తిరించి, అంచు నున్నగా అరగదీయండి. పలచటి నూలు బట్టలు వేయండి, అర్ధరాత్రి లేస్తే తడిపి పిండిన చల్లటి గుడ్డను ఆ మడత మీద ఉంచి, మాయిశ్చరైజర్ రాయండి. ‘గోక్కోకు’ అనే మాట మానండి, దాని బదులు ఆ చేతులకు ఒక పని ఇవ్వండి. రాత్రి పూతలో మోకాళ్లు పాప వంతు, మోచేతులు మీ వంతు. ఐదేళ్ల పిల్ల ఆ పని మీరు అనుకున్నదానికన్నా శ్రద్ధగా చేస్తుంది.